మాగ్డెబుర్గ్‌లో మొదటి చలికాలం

బయల్దేరేముందు చుట్టాలూ స్నేహితులూ అందరూ ఒకే మాట అడిగారు: "అంత చలి ఎలా తట్టుకుంటావే?" చీకటి సంగతి ఒక్కరూ ఎత్తలేదు. భాష సంగతి ఎవరైనా ఎత్తితే "కోర్సంతా ఇంగ్లీషులోనే కదా" అని నేనే కొట్టిపారేసేదాన్ని. కోర్సు ఇంగ్లీషులోనే ఉంది, అందులో అబద్ధం లేదు. క్లాసు తలుపు దాటాక మిగతా ఊరంతా జర్మన్‌లో ఉంది.

నేను మాస్టర్స్‌కి చేరిన ఊరు మాగ్డెబుర్గ్. బెర్లిన్ నుంచి పశ్చిమంగా రైల్లో గంటన్నర పైచిలుకు, ఎల్బే నది ఒడ్డున ఉంటుంది. స్కూల్లో ఫిజిక్స్ చదివినవాళ్లకి ఈ పేరు ఎక్కడో తగిలే ఉంటుంది. రెండు అర్ధగోళాలు ఒకదానికొకటి ఆనించి, లోపలి గాలి తోడేసి, రెండువైపులా గుర్రాలు కట్టి లాగించినా విడిపోలేదని చూపించిన ఓటో ఫాన్ గేరికే ఈ ఊరివాడే, ఊరికి మేయరుగా కూడా చేశాడు. మా యూనివర్సిటీకి ఆయన పేరే పెట్టారు.

శీతాకాలం సెమిస్టర్ లెక్కప్రకారం అక్టోబరు 1న మొదలవుతుంది, క్లాసులు మాత్రం నెల మధ్యలో. ఆ మధ్య రోజులన్నీ కాగితాలకే. అద్దెగదిలో దిగిన రెండు వారాల్లోపు ఊరి ఆఫీసుకెళ్లి చిరునామా నమోదు చేయించుకోవాలి. దాన్ని ఆన్‌మెల్డుంగ్ అంటారు. దానికి ఇంటి ఓనరు సంతకం పెట్టిన కాగితం కావాలి, ముందుగా అపాయింట్‌మెంట్ దొరకాలి. ఈ నమోదు కాగితం లేకపోతే తర్వాత పనులు ఒక్కొక్కటిగా ఆగిపోతాయి. వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో వేసిన 11,904 యూరోలు నెలకి 992 చొప్పున మనకి రావాలన్నా ఇక్కడ మామూలు బ్యాంకు అకౌంటు ఉండాలి కదా.

కౌంటర్‌లో ఉన్నావిడ మంచిదే కానీ ఇంగ్లీషు మాట్లాడలేదు. మాట్లాడాలన్న నియమం కూడా లేదు. ఆఫీసు భాష జర్మన్ అని ఇక్కడ చట్టంలోనే రాసుంది. ఆవిడ కంప్యూటర్ తెర నావైపు తిప్పి, నా పేరూ పుట్టిన తేదీ సరిగ్గా ఉన్నాయా అని పెన్ను కొనతో చూపించింది. మతం ఏమిటని కూడా ఒక గడి ఉంది. ఇదేంటి ఇలా అడుగుతున్నారని ఉలిక్కిపడ్డాను. చర్చి సభ్యులుగా నమోదైనవాళ్ల జీతంలోంచి చర్చి పన్ను కోస్తారట, అందుకని. ఒక సీనియర్ అక్క ముందే చెప్పి ఉంటే బావుండేది; ఆవిడ చెప్పినవన్నీ ప్రెషర్ కుక్కర్ గురించే.

అక్టోబరంతా ఎండ బాగానే కాసింది. చెట్లు పసుప్పచ్చగా మారుతుంటే ఫోటోలు తీసి ఇంటికి పంపుతూ ఉన్నాను. ఆ నెల ఆఖరి ఆదివారం తెల్లవారుజామున మూడు గంటలకి ఇక్కడి గడియారాలన్నీ రెండుకి జరుగుతాయి. అప్పటిదాకా ఇంటికీ నాకూ మూడున్నర గంటల తేడా, ఆ రోజు నుంచి నాలుగున్నర. మర్నాడు ల్యాబ్ నుంచి ఐదున్నరకి బయటికొస్తే వీధి దీపాలు వెలిగి ఉన్నాయి. ఏదో మబ్బు పట్టిందనుకున్నాను.

మబ్బు కాదు. ఈ ఊరు 52 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది. డిసెంబరు మూడో వారానికి వచ్చేసరికి సూర్యుడు ఎనిమిదింబావుకి వస్తాడు, నాలుగు కాకుండానే వెళ్లిపోతాడు. అదీ కనపడితే. వరసగా ఎన్నో రోజులు ఆకాశం సిమెంటు రంగులో ఉండిపోతుంది, ఎటువైపు తూర్పో చెప్పలేం. చీకట్లో క్లాసుకి వెళ్లి, కిటికీల్లేని ల్యాబ్‌లో కూర్చుని, చీకట్లో తిరిగొచ్చేదాన్ని. ఆకలి వేళలు తప్పిపోయాయి. రాత్రి ఎనిమిదికే నిద్ర ముంచుకొచ్చేది, సెలవు రోజున పదింటికి లేచినా ఒళ్లు బరువుగానే ఉండేది. ఇంటిమీద బెంగనుకున్నాను కొన్నాళ్లు. అమ్మ ఫోన్లో "స్వెట్టర్ వేసుకున్నావా?" అని అడిగేది. వేసుకునే ఉన్నానమ్మా, స్వెట్టర్‌తో పోయేది కాదిది.

చివరికి పరీక్ష చేయించుకుంటే విటమిన్ డి అడుగంటిందని తేలింది. అక్టోబరు నుంచి మార్చి దాకా ఈ అక్షాంశంలో ఎండ తగిలినా, చర్మం విటమిన్ తయారు చేసుకునేంత బలం ఆ ఎండకి ఉండదని డాక్టరు చెప్పాడు. మాత్రలు రాసిచ్చాడు. దాంతోపాటు ఇంకో మాట అన్నాడు: మబ్బు పట్టినా సరే, మధ్యాహ్నం పన్నెండు, ఒంటిగంట మధ్య బయట ఉండు. మొదట్లో దీన్ని పెద్దగా పట్టించుకోలేదు గానీ, నా అనుభవంలో మాత్రల కంటే ఇదే పనిచేసింది. మెన్సాలో, అంటే యూనివర్సిటీ క్యాంటీన్‌లో, తిండి గబగబా ముగించి నది గట్టున నడిచొచ్చేదాన్ని. గదిలో ఎన్ని లైట్లు వేసినా, మబ్బు రోజు బయటి వెలుతురు వాటికి ఎన్నో రెట్లు ఎక్కువే ఉంటుంది. నిద్ర మెల్లగా దారిలో పడింది.

ఇక చలి అంటారా, అది డబ్బుతో తీరే సమస్య. ఇంటి దగ్గర కొన్న లావుపాటి జాకెట్టు ఇక్కడ పెద్దగా అక్కరకి రాలేదు. ఈ ఊరు హార్జ్ కొండలు వానని అడ్డుకునే వైపున ఉంది, ఏడాది మొత్తం వాన 500 మిల్లీమీటర్ల దరిదాపుల్లోనే. కానీ చలికాలంలో ఆ కాస్తా పిండి జల్లినట్టు సన్నగా, గాలితో అడ్డంగా పడుతుంది. గొడుగు ఆగదు. దూది నింపిన జాకెట్టు తడిసిందంటే సున్నా డిగ్రీల గడ్డ మంచు కంటే రెండు డిగ్రీల తడి చలే ఎక్కువ బాధపెడుతుంది. లోపల ఒంటికి పట్టే పల్చటి చొక్కా, మీద ఉన్ని, ఆపైన గాలీ నీళ్లూ చొరబడని పల్చటి కోటు. అంతే. వేడిగా ఉండే బస్సులోకో క్లాసులోకో వెళ్లగానే ఒక్కొక్కటీ విప్పుకోవడానికి వీలుగా ఉండాలి, లేకపోతే లోపల చెమట, బయట వణుకు.

కాళ్ల మీద మాత్రం పిసినారితనం చూపించకూడదు. నేను అన్నిటికంటే ఎక్కువ ఖర్చు పెట్టింది బూట్ల మీదే. మందం మేజోళ్లు పట్టేలా ఒక సైజు పెద్దవి తీసుకోవాలి. బిగుతుగా ఉంటే వేళ్ల దగ్గర గాలి నిలవక ఇంకా గడ్డకడతాయి. నూలు మేజోళ్లు చెమట పీల్చి తడిగా ఉండిపోతాయి, ఉన్నివే నయం. అడుగున గాడులు లోతుగా ఉండాలి. ఎందుకంటే కురిసిన మంచు భయపెట్టదు, దాని మీద నడిస్తే కరకరలాడుతుంది అంతే. రాత్రి సన్నగా వాన పడి, నేలమీద అద్దంలా గడ్డకట్టినప్పుడు చూడాలి. రోడ్డు మామూలుగా తడిసినట్టే కనిపిస్తుంది. ఇళ్ల ముందు కాలిబాట ఊడ్చి, ఇసకో సన్న కంకరో చల్లడం ఇంటివాళ్ల బాధ్యత, ఎవరైనా జారిపడితే జవాబు వాళ్లే చెప్పుకోవాలి. అందుకని ఏడు గంటలకల్లా వీధిలో పారలు గీకుతున్న చప్పుడు వినిపించేది.

గది లోపల వేరే గోల. గోడకి హీటరు, దాని మరకి సున్నా నుంచి ఐదు దాకా అంకెలు. ఆ అంకె ఎంత త్వరగా వేడెక్కాలో చెప్పేది కాదు, గది ఎంత వేడి దగ్గర ఆగాలో చెప్పేది. మూడు అంటే సుమారు 20 డిగ్రీలు. ఐదులో పెడితే గది త్వరగా వేడెక్కదు, బిల్లు త్వరగా పెరుగుతుంది. ఆ వేడి గాలి ఒంట్లో తేమంతా లాగేస్తుంది, పెదాలు పగులుతాయి, ముక్కులోంచి రక్తపు చార వస్తుంది. ఒకపక్క ఇలా ఎండిపోతుంటే ఇంకోపక్క బీరువా వెనక గోడకి బూజు! అన్నం వండిన ఆవిరీ, గదిలో ఆరేసిన బట్టల తడీ వెళ్లి చల్లటి బయటి గోడమీద చేరతాయి. దీనికి జర్మన్ల మందు ఒకటే, రోజుకి రెండు మూడుసార్లు కిటికీ బార్లా తెరిచి ఐదు నిమిషాలుంచి మూసెయ్యాలి. బయట మైనస్ ఆరు ఉన్నా సరే. మా అద్దె ఒప్పందంలో కూడా ఈ సంగతి రాసుంది. పక్కగది తమిళ అమ్మాయీ నేనూ దుప్పట్లు కప్పుకుని కిటికీ తెరిచి అంకెలు లెక్కపెట్టేవాళ్లం, జర్మన్‌లో. అలాగైనా అంకెలు వస్తాయని.

అంకెలే మరి అసలు తలనొప్పి. నేను జర్మన్‌లో మొదటి మెట్టు, ఏ1 పరీక్ష, పాసయ్యే వచ్చాను. పుస్తకంలో అన్నీ వచ్చు. కానీ జర్మన్‌లో ముందు ఒకట్ల స్థానం చెప్పి తర్వాత పదుల స్థానం చెబుతారు. యాభై మూడుని "మూడూ యాభై" అంటారు. చదివేటప్పుడు ఇది ఏ ఇబ్బందీ కాదు. కిరాణా దుకాణం క్యాష్ కౌంటర్ దగ్గర వెనక ఆరుగురు నిలబడి ఉన్నప్పుడు, ఆ అమ్మాయి గబగబా ఒక మొత్తం చెబితే, నేను తెర మీద చూసుకోవాల్సిందే. ఆ కౌంటర్లో అడిగేవి నాలుగే ప్రశ్నలని కొన్నాళ్లకి గమనించాను: పాయింట్ల కార్డు ఉందా, నగదా కార్డా, బిల్లు కావాలా, ఇంకోటి సంచి గురించి. వరస తెలిస్తే చాలు, మాటలు వినకపోయినా లేదు, కార్డు, వద్దు అని చెప్పేస్తూ పోవచ్చు. ఎవరైనా వరస మార్చి అడిగారా, అయిపోయింది నా పని. ఓసారి ఒకాయన "ఉల్లికాడలు తూకం వేశారా?" అనడిగితే నేను "కార్డు" అన్నాను. ఆయన నవ్వలేదు. జర్మన్లు ఇలాంటిచోట నవ్వరు, అది వాళ్ల మంచితనమే అని ఇప్పుడనుకుంటాను.

ఇంకో సంగతి, ఈ దేశం ఉత్తరాల మీద నడుస్తుంది. బ్యాంకు కార్డు ఒక ఉత్తరంలో, దాని పిన్ వేరే ఉత్తరంలో. పదకొండు అంకెల పన్ను నంబరు ఒక ఉత్తరంలో. టీవీ, రేడియో రుసుము నెలకి 18.36 యూరోలు కట్టమని ఇంకో ఉత్తరం. టీవీ లేదంటే కుదరదు, ఇంటికింతని కట్టాల్సిందే, కాకపోతే ఒకే ఫ్లాట్‌లో ఉన్నవాళ్లు పంచుకోవచ్చు. ఫోన్ కెమెరాతో అనువాదం చేసుకోవచ్చు కదా అంటారు. చేసుకున్నాను. రెండు పేజీల ఉత్తరాన్ని తెలియని ఇంగ్లీషులోకి మార్చి ఇస్తుంది, అందులో చెయ్యాల్సిందేమిటో మళ్లీ మనమే వెతుక్కోవాలి. దానికంటే ఒక సీనియర్ అన్నయ్య చెప్పిన పద్ధతే మేలు. ముందు తేదీ ఎక్కడుందో చూడు. దాని పక్కన ఫ్రిస్ట్ అని ఉంటే గడువు. మానుంగ్ అని ఉంటే గడువు దాటింది, జరిమానా పడేలోపు కట్టు. వీడర్‌ష్ప్రుఖ్ అని ఉంటే అభ్యంతరం చెప్పుకునే హక్కుంది, సాధారణంగా నెల రోజులు టైముంటుంది. ఈ మూడూ లేకపోతే ఫైల్లో పెట్టి టీ పెట్టుకో.

ఆ ఉత్తరాలు మనదాకా రావాలంటే తలుపు గంట మీదా పోస్టు డబ్బా మీదా మన ఇంటిపేరు ఉండాలి. ఫ్లాట్ నంబరుతో పనిలేదు. నాదేమో జొన్నలగడ్డ. పన్నెండు ఇంగ్లీషు అక్షరాలు ఆ చిన్న చీటీలో పట్టక రెండు వరసల్లో రాశాను. పుట్టి ఇరవై మూడేళ్లలో నన్నెవరూ ఇంటిపేరుతో పిలవలేదు, ఇక్కడ బ్యాంకులో, ఆఫీసులో, ఆస్పత్రిలో అంతా దాంతోనే పిలుస్తారు. అదీ వాళ్ల పలుకుబడిలో. డాక్టరు గదిముందు కూర్చుని ఉన్నాను. అక్కడ కొత్తగా లోపలికొచ్చే ప్రతివాళ్లూ ముందే కూర్చున్నవాళ్లందరికీ కలిపి నమస్కారం చెబుతారు, అందరూ బదులిస్తారు; నేనూ చెప్పడం నేర్చుకున్నాను. నర్సు తలుపు తీసి "ఫ్రౌ యొన్నలగాదా" అంది. ఎవరూ లేవలేదు. మళ్లీ అంది. అందరూ ఒకళ్ల ముఖం ఒకళ్లు చూసుకుని, చివరికి నా ముఖం చూశారు. జర్మన్‌లో 'జె' అక్షరాన్ని య అని పలుకుతారని నాకు తెలుసు, మా ఇంటిపేరుకి కూడా ఆ గతి పడుతుందని తట్టలేదు.

ఫోన్లో అయితే ఒక్కో అక్షరం చెప్పాలి. దానికి వాళ్లకో పట్టిక ఉంది, ఒక్కో అక్షరానికి ఒక్కో మాట. యూలియుస్, ఓటో, నోర్ట్‌పోల్, నోర్ట్‌పోల్, ఆంటోన్... అలా డోరా, డోరా, ఆంటోన్ దాకా వెళితే నేను. పట్టికలో యూదుల పేర్లయిన దావీద్, నాథన్ లాంటివి ఉండేవనీ, 1934లో నాజీలు తీసేసి డోరా, నోర్ట్‌పోల్ పెట్టారనీ తర్వాత మా భాష టీచరు చెప్పింది. 2022లో పేర్లకి బదులు ఊళ్ల పేర్లతో కొత్త పట్టిక తెచ్చారు. కొత్తది చెబితే అవతలివాళ్లు తడబడతారు, పాతది చెబితే టకటకా రాసుకుంటారు. నాకు రెండూ కంఠతా వచ్చు.

నిజానికి నాకు జర్మన్ మాట్లాడడం వచ్చింది క్లాసులో కాదు, మెట్ల మీద. కింది అంతస్తులో డెబ్బై దాటిన ఒక పెద్దావిడ ఉండేవారు. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. ఆవిడ చదువుకునే రోజుల్లో ఇది తూర్పు జర్మనీ, స్కూల్లో నేర్పింది రష్యన్. అందుకే ఈ ప్రాంతంలో ఆ తరంవాళ్లతో మాట్లాడాలంటే జర్మన్ తప్ప దారిలేదు. మాతోటి విద్యార్థులు నేను ఒక వాక్యంలో తడబడితే చాలు జాలిపడి ఇంగ్లీషులోకి మారిపోయేవారు, నా జర్మన్ అక్కడితో ఆగిపోయేది. ఈవిడ మారడానికి వీల్లేదు. సంచులు పట్టుకుని మెట్లెక్కుతూ, ప్రతి మలుపులో ఆగి, వాతావరణం గురించి మాట్లాడేవారు. ఈరోజు బయట జారుతుంది, అమ్మాయ్, జాగ్రత్త. పాడు వాన. గాలి తూర్పునుంచి వస్తోంది, రేపు గడ్డకడుతుంది. మళ్లీ మర్నాడు అవే మాటలు, కొద్దిగా మార్చి. ఇంతకంటే మంచి పాఠం ఎవరిస్తారు? విషయం ఇద్దరికీ తెలుసు, కిటికీలోంచి కనిపిస్తూనే ఉంటుంది, తెలియని మాట వస్తే దాన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు. చలిని తిట్టడంలో నాకు మొదట ధారాళత వచ్చింది. ఆ తర్వాతే మిగతావి.

టైము చెప్పే పద్ధతి కూడా ఆవిడ దగ్గరే తెలిసింది. ఏడున్నరని జర్మన్లు "సగం ఎనిమిది" అంటారని పుస్తకంలోనే ఉంది. ఈ తూర్పు ప్రాంతంలో ఇంకో అడుగు ముందుకేసి, ఏడుంబావుని "పావు ఎనిమిది", పావుతక్కువ ఎనిమిదిని "ముప్పావు ఎనిమిది" అంటారు. ఎనిమిదో గంటలో ఎంత భాగం నిండిందో చెప్పడమన్నమాట. పశ్చిమం నుంచి వచ్చిన మా క్లాసు జర్మన్ కుర్రాడు ఒకడు ఇది తనకీ అర్థం కాదని ఒప్పుకున్నప్పుడు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు.

ఫిబ్రవరిలో మా గది హీటరు గుడగుడమనడం మొదలుపెట్టింది. కింద వెచ్చగా, పైన మంచులా ఉంది. బయట మైనస్ తొమ్మిది. మెట్ల దగ్గర బోర్డు మీద బిల్డింగు మరమ్మతులు చూసే హౌస్‌మైస్టర్ ఫోన్ నంబరుంది. చెప్పాల్సింది కాగితం మీద రాసుకుని ఫోన్ చేశాను. పేరు అడిగాడు, యూలియుస్, ఓటో, నోర్ట్‌పోల్ అని అప్పజెప్పాను. ఏమైందంటే పైన చలి, కింద వేడి, లోపల నీళ్ల చప్పుడు అన్నాను. రేపు ముప్పావు ఎనిమిదికి వస్తానన్నాడు. ఏడూ నలభై ఐదుకేనా అని అడిగాను. "అదేగా చెప్పింది" అన్నాడు విసుగ్గా.

సరిగ్గా ఆ టైముకి వచ్చాడు. జేబులోంచి నలుచదరం కన్నమున్న చిన్న తాళంచెవి తీసి, హీటరు పక్కన ఒక మేకులాంటిదానికి తగిలించి, కింద గ్లాసు పెట్టి, పావు చుట్టు తిప్పాడు. బుస్సుమని గాలి వచ్చింది. కాసేపటికి చిమ్ముతూ నల్లటి నీళ్లు నాలుగు చుక్కలు పడగానే బిగించేశాడు. నీళ్లతోపాటు గాలి పైకి చేరి ఉండిపోతే వేడినీళ్లు అక్కడిదాకా ఎక్కవని, దీనికోసం ఇంకోసారి తనని పిలవొద్దని, హార్డ్‌వేర్ షాపులో ఈ తాళంచెవి రెండు మూడు యూరోలకి దొరుకుతుందని గడగడా చెప్పాడు. మాట మాటా కాకపోయినా మొత్తం అర్థమైంది. వెళ్తూ వెళ్తూ "పాడు వాతావరణం" అన్నాడు. గాలి తూర్పునుంచి వస్తోంది కదా, రేపు ఇంకా గడ్డకడుతుంది అన్నాను. ఆయన మెట్ల మీద ఆగి, ఎన్నేళ్లయింది ఇక్కడికొచ్చి అనడిగాడు.

ఆ శనివారమే తాళంచెవి కొన్నాను. ఏప్రిల్‌లో బీ1 క్లాసు మొదలైంది, మా ఫ్లాట్‌లో హీటర్లన్నీ నేనే చూస్తున్నాను. పై అంతస్తువాళ్లు అప్పుడప్పుడూ ఆ తాళంచెవి అడిగి తీసుకెళ్తారు. తిరిగివ్వడం మర్చిపోతే వెళ్లి జర్మన్‌లోనే అడిగి తెచ్చుకుంటున్నాను.